మెర్లిన్ సీరియల్: చూసినవాళ్ళూ చూడబోయేవాళ్ళూ నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు

మా ఫ్రెండ్స్ లో ఎవరింట్లో పిల్లలకి ఏడెనిమిదేళ్ళు వచ్చినా ముందు నాకే ఫోన్ వస్తుంది, మెర్లిన్ చూపించొచ్చా అని. ఎందుకంటే మేము మొత్తం రెండుసార్లు చూశాం. మొదటిసారి నేనూ మా ఆయనా, రెండోసారి మా వాడూ మా అత్తయ్యా కూడా. అత్తయ్య తెనాలి నుంచి ఆరునెలల విజిటర్ వీసా మీద ఇంగ్లాండ్ వచ్చారు, అది కూడా చలికాలం, నాలుగింటికే చీకటి, బయట వాన, ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో తెలీక ఆవిడ కూడా సోఫాలో మా వాడి పక్కన చేరిపోయారు. ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి వాడు ప్రతి డైలాగూ వచ్చీరాని తెలుగులో చెప్పేవాడు. కింద చెప్పిన అభిప్రాయాల్లో సగం ఆవిడవే, ఆ సగమే బాగుంటాయి, ముందే చెప్పేస్తున్నా.

అసలు ఏ మెర్లిన్ గురించి? ఆ పేరుతో చాలా ఉన్నాయి కదా?

బీబీసీ వాళ్ళది. 2008 సెప్టెంబర్ 20న మొదలై 2012 డిసెంబర్ 24న అయిపోయింది. ఐదు సీజన్లు, ఒక్కోదానిలో 13, మొత్తం 65 ఎపిసోడ్లు, ఒక్కోటి ముప్పావు గంట లోపే. ఇక్కడివాళ్ళు సీజన్‌ని సిరీస్ అంటారు, కాబట్టి "సిరీస్ త్రీ" అని ఎవరైనా అంటే అది మూడో సీజన్ అని అర్థం చేసుకోండి, నేను మొదట్లో ఇంకో రెండు సీరియల్స్ ఉన్నాయేమో అని వెతికాను. శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని చూడ్డానికి తీసింది, ఆ టైం స్లాట్ గుర్తు పెట్టుకుంటే దీనిమీద వచ్చే సగం కంప్లయింట్లకి అందులోనే సమాధానం దొరికిపోతుంది.

కథ ఒక్క ముక్కలో?

మెర్లిన్ అనే పల్లెటూరి కుర్రాడు, పుట్టుకతోనే మాయలు వచ్చు, కామలాట్ అనే రాజ్యానికి వస్తాడు. అక్కడి రాజు ఊథర్ మంత్రం ముట్టుకున్నవాడి తల తీయిస్తాడు. ఈ కుర్రాడు ఆ రాజు కొడుకు ఆర్థర్‌కి పనివాడుగా చేరి, రోజూ వాడి ప్రాణం మాయలతోనే కాపాడుతూ, ఆ సంగతి వాడికే తెలియకుండా దాస్తూ, గుర్రపుసాలలో పేడ ఎత్తుతుంటాడు. అంతే. మొత్తం 65 ఎపిసోడ్లూ ఈ దాపరికం మీదే నడుస్తాయి. అత్తయ్య మొదటిరోజు అడిగిన ప్రశ్న, "ఆ రాజుగారబ్బాయికి కవచం కూడా వీడే తొడగాలా? జీతం ఎంతిస్తాడే వీడికి?"

ఆర్థర్ రాజు కథలు చదవలేదు, అర్థమవుతుందా?

అవుతుంది, కాకపోతే ఒక రకం మజా పోతుంది. మనకి మహాభారతంలో శకుని వచ్చి నవ్వితే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. ఇక్కడివాళ్ళకి మోర్డ్రెడ్ అన్న పేరు అలాంటిది. మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌లో ఒక డ్రూయిడ్ పిల్లాడిని రాజభటులు తరుముతుంటారు, డ్రూయిడ్లంటే అడవుల్లో ఉండే మంత్రాల జాతి అనుకోండి. వాడు నీలం కళ్ళేసుకుని నోరు విప్పడు, ఊథర్ పెంచుకుంటున్న అమ్మాయి మోర్గానా తన గదిలో దాస్తుంది, చివరికి ఆర్థరే స్వయంగా వాడిని కోట దాటించి వాళ్ళవాళ్ళకి అప్పగించి, నీ పేరైనా చెప్పవా అంటాడు. వాడు మోర్డ్రెడ్ అంటాడు. కట్. తన ప్రాణం తీయబోయేవాడిని తన చేతుల్తోనే కాపాడుకున్నాడన్నమాట. కథ తెలిసినవాడికి ఒళ్ళు జలదరిస్తుంది, మా వాడు మాత్రం "ఓకే, నెక్స్ట్" అన్నాడు. కాబట్టి పిల్లలకి ముందే ఒక్క ముక్క చెప్పి పెట్టండి, మోర్డ్రెడ్ అనేవాడి చేతిలో ఆర్థర్ పోతాడు అని. దాన్ని స్పాయిలర్ అనుకోవద్దు, కొన్ని వందల ఏళ్ళుగా అందరికీ తెలిసిన సంగతే.

ఎన్నేళ్ళ పిల్లలకి చూపించొచ్చు?

నా లెక్కలో ఎనిమిది. మొదటి ఎపిసోడ్ మొదటి నిమిషాల్లోనే ఒకడి తల నరుకుతారు, గొడ్డలి పడటం చూపించరు కానీ శబ్దం వినిపిస్తుంది, జనం మొహాలు కనిపిస్తాయి, ఆ చచ్చినవాడి తల్లి వచ్చి నా కొడుకుని తీసుకున్నావు నీ కొడుకుని తీసుకుంటా అని రాజుకి శాపం పెట్టి మాయమవుతుంది. పెద్ద తేళ్ళున్నాయి, నాలుగో సీజన్ మొదట్లో ముట్టుకుంటే గడ్డకట్టించే దెయ్యాలున్నాయి, అవి వచ్చినప్పుడు మా వాడు నాన్నమ్మ కొంగులో దూరాడు. బూతులు, బెడ్రూం సీన్లు అయితే లేవు. రెండు మూడు ముద్దులు ఉన్నాయి, అత్తయ్య ఉన్నారని మా ఆయన రిమోట్ వెతుక్కునేలోపే అయిపోయాయి.

మూడు ఎపిసోడ్లు చూశాం, మరీ సిల్లీగా ఉంది. ఆపేయమంటావా?

నాలుగోది చూసి ఆపండి. అందులో ఆర్థర్ గ్లాసులో విషం కలిసిందని మెర్లిన్‌కి తెలుస్తుంది, నిండు సభలో చెప్తాడు, ఎవరూ నమ్మరు, అయితే నువ్వే తాగి చూపించు అంటారు, తాగేస్తాడు. తర్వాత వాడిని బతికించే పువ్వు కోసం తండ్రి వద్దన్నా ఆర్థర్ గుహలోకి వెళ్తాడు. నౌకరు కోసం యువరాజు. మెర్లిన్‌గా వేసిన కోలిన్ మోర్గాన్, ఆర్థర్‌గా వేసిన బ్రాడ్లీ జేమ్స్, ఇద్దరూ అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని కుర్రాళ్ళు, కానీ ఆ ఎపిసోడ్ నుంచి వాళ్ళ మధ్య తిట్లు, విసుర్లు, ఒకడి మీద ఒకడు వెండిగ్లాసులు విసరడం, అవన్నీ చూడ్డానికే జనం కూర్చున్నారు. మెర్లిన్ ఆర్థర్‌ని "క్లాట్‌పోల్" అంటాడు, "డాలప్‌హెడ్" అంటాడు, మా వాడు వీటన్నిటికీ కలిపి "మట్టిబుర్ర" అని ఒకే తెలుగు మాట వాడాడు, సరిపోయింది.

రెండో సీజన్ ట్రోల్ ఎపిసోడ్లు స్కిప్ చెయ్యొచ్చా?

పెద్దవాళ్ళు ఒక్కరే చూస్తుంటే చేసేయండి. ఊథర్ ఒక దొరసాని వేషంలో ఉన్న ట్రోల్‌ని, అంటే ఒక రకం రాక్షసిని, పెళ్ళి చేసుకుంటాడు, పేడ, తేన్పులు, ఇంకా చెప్పకూడనివి. కానీ ఇంట్లో పిల్లలుంటే స్కిప్ చెయ్యడం మీ తరం కాదు. మా ఇంట్లో ఆ రెండు ఎపిసోడ్లే ఎక్కువసార్లు చూసింది, నాకు కంఠతా వచ్చేశాయి.

అసలు పురాణానికీ దీనికీ పోలికే లేదని మా ఆయన గొడవ. నిజమేనా?

నిజమే. పాత కథల్లో మెర్లిన్ ముసలాయన, ఆర్థర్‌ని పసిపిల్లాడిగా తీసుకెళ్ళి పెంచడానికి అప్పగించేది ఆయనే. ఇక్కడ ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు. పాత కథలో గ్వినెవీర్ రాజవంశం, ఇక్కడ గ్వెన్ కమ్మరివాడి కూతురు, మోర్గానాకి దాసి. గవేన్ అనే వీరుడు అక్కడ ఆర్థర్‌కి మేనల్లుడు, ఇక్కడ సారాకొట్లో తగాదా పడి పరిచయమైనవాడు. మోర్డ్రెడ్ అక్కడ ఆర్థర్‌కి కొడుకు, అదీ అక్క వరస ఆవిడతో, అది శనివారం సాయంత్రం ఆరున్నరకి చిన్నపిల్లల ముందు ఎలా చూపిస్తారు చెప్పండి.

కానీ మీ ఆయనకి ఇది కూడా చెప్పండి. ఆర్థర్ కథ ఎప్పుడూ ఒకేలా లేదు. జెఫ్రీ ఆఫ్ మన్మత్ అనే మతాధికారి 1136 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన దాంట్లో ఆర్థర్ వీరుల్లో పేరుమోసిన లాన్సెలాట్ అసలు లేడు. లాన్సెలాట్‌నీ కామలాట్ పేరునీ తెచ్చింది తర్వాత ఫ్రెంచి కవి క్రేతియాఁ ద ట్రాయ్. మాలరీ అనే ఆయన ఇంగ్లీషులో రాసింది కాక్స్‌టన్ 1485లో అచ్చువేసేటప్పటికి ఇంకోలా తయారైంది. రామాయణం ఊరికో రకంగా చెప్పుకునే మనకి ఇది కొత్తేం కాదు కదా. పైగా సీరియల్‌వాళ్ళు కొన్నిచోట్ల బాగానే చదివి చేశారు. కోట కింద సొరంగంలో గొలుసులేసి కట్టేసిన డ్రాగన్ ఉంటుంది చూడండి, అది ఊరికే పెట్టింది కాదు. పాత వెల్ష్ కథలో వోర్టిగర్న్ అనే రాజు కోట కడుతుంటే ఎన్నిసార్లు కట్టినా కూలిపోతుంది, ఒక కుర్రాడిని బలివ్వబోతే వాడు, కింద రెండు డ్రాగన్లు కొట్టుకుంటున్నాయి, ఒకటి ఎర్రది ఒకటి తెల్లది, అందుకే గోడ నిలవట్లేదు అని చెప్తాడు. జెఫ్రీ ఆ కుర్రాడే మెర్లిన్ అన్నాడు. ఆ చోటుని ఇప్పటికీ డీనాస్ ఎమ్రిస్ అంటారు, వేల్స్ జెండా మీద ఎర్ర డ్రాగన్ ఉండటానికీ ఆ కథనే చెప్తారు. సీరియల్‌లో డ్రూయిడ్లు మెర్లిన్‌ని పిలిచే పేరు ఎమ్రిస్. నాలుగో సీజన్లో పుట్టే పిల్ల డ్రాగన్ తెల్లది. మెర్లిన్ చదివే మంత్రాలు కూడా ఏదో నోటికొచ్చింది కాదు, పాత ఇంగ్లీషు, వెయ్యేళ్ళ కిందటి భాష.

మరి టమాటాలు? ఆ రాతికోట?

అవును, మెర్లిన్‌ని బొండలో బిగించి జనం కుళ్ళిన కూరగాయలు విసురుతుంటే అందులో టమాటాలున్నాయి, అవి యూరప్‌కి వచ్చింది 16వ శతాబ్దంలో. ఆర్థర్ అనేవాడు నిజంగా ఉంటే 5వ, 6వ శతాబ్దం మనిషి, అప్పటికి ఇంగ్లాండ్‌లో అలాంటి కోటలూ లేవు, అవి 1066 తర్వాత నార్మన్లతో వచ్చినవి. ఇలాంటివి లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్ళు ఒక బ్యాచ్ ఉంటారు. మన జానపద సినిమాల్లో రాజకుమారి చేతికి ఉన్న గాజులు ఏ శతాబ్దానివి అని ఎప్పుడైనా అడిగామా?

ఆ కోట మాత్రం నిజం కోట, ఫ్రాన్స్‌లో పియెర్‌ఫోన్ అనే ఊళ్ళో ఉంది, పారిస్‌కి ఈశాన్యంగా, కాంపియేన్ అడవి అంచున. 14వ శతాబ్దం చివర మొదలుపెట్టి కట్టారు, 17వ శతాబ్దంలో కూల్చేశారు, శిథిలాలుగా పడి ఉన్నదాన్ని మూడో నెపోలియన్ చెప్తే వియొలె లె డ్యూక్ అనే ఆర్కిటెక్ట్ 1857 నుంచి మళ్ళీ లేపాడు. లేపాడంటే ఉన్నది ఉన్నట్టు కాదు, మధ్యయుగం ఇలా ఉండాలి అని తను ఊహించుకున్నట్టు. అంటే సీరియల్‌వాళ్ళు చేసిందే ఆయనా చేశాడు. పారిస్ వెళ్ళినప్పుడు మేము ఒకరోజు అక్కడికి పోయాం. టీవీలో కనిపించినంత పెద్దగా ఉండదు ఆ లోపలి ప్రాంగణం, మధ్యలో గుర్రం మీద దొర విగ్రహం ఒకటి, ఎత్తు మెట్లు, గోడ అంచుల్లోంచి తొంగిచూసే రాతి జంతువులు. మా వాడు పరిగెత్తుకెళ్ళి ప్రాంగణం మధ్యలో నిలబడి "ఇక్కడే కదా తల నరికింది!" అని తెలుగులో అరిచాడు, అదృష్టం, చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాలేదు. మిగతాది వేల్స్‌లో, అడవుల సీన్లు కొన్ని ఇంగ్లాండ్‌లో ఫారెస్ట్ ఆఫ్ డీన్ వైపు తీశారు.

గ్వెన్ పాత్రకి నల్లజాతి అమ్మాయిని పెట్టడం మీద అంత రచ్చ ఎందుకు?

అదే నాకూ తెలీదు. డ్రాగన్ మాట్లాడితే ఓకే, ఏంజెల్ కూల్బీ రాణి అయితే చరిత్ర గుర్తొస్తుంది కొంతమందికి. మాలరీ పుస్తకంలోనే ఆర్థర్ గుండ్రబల్ల చుట్టూ కూర్చునే వీరుల్లో పాలమిడీస్ అనే సారసెన్ (అప్పట్లో ముస్లింలని అలా అనేవారు) ఉన్నాడు, అది చెప్తే మాట మారుస్తారు. నాకు గ్వెన్ మీద ఉన్న కంప్లయింట్ వేరే, మొదటి సీజన్లో గలగలా మాట్లాడే అమ్మాయిని రాణి అయ్యాక మూలన కూర్చోబెట్టేశారు, ఆ కిరీటం పెట్టుకున్నాక ఒక్క జోకూ లేదు పాపం.

గ్రాఫిక్స్ పాతగా లేవూ?

ఉన్నాయి. డ్రాగన్ మాత్రం బాగుంటుంది, సగం ఘనత గొంతు ఇచ్చిన జాన్ హర్ట్‌ది, ఆయన 2017లో పోయారు. మిగతా జంతువులు చీకట్లో వస్తాయి, ఎందుకో మీకే తెలుస్తుంది.

అందరూ అడిగేది: మెర్లిన్ నిజం ఎందుకు చెప్పడు?

(ఇక్కడి నుంచి చివరి దాకా కథ మొత్తం బయటపడుతుంది. చూడబోయేవాళ్ళు ఇక్కడితో ఆపి తర్వాత రండి.)

మొదట్లో చెప్పకపోవడానికి కారణం ఉంది, తల పోతుంది. ఊథర్ పెళ్ళానికి పిల్లలు పుట్టక నిమ్యువే అనే మంత్రగత్తె సాయం తీసుకుంటాడు, ఆర్థర్ పుడతాడు, బదులుగా తల్లి ప్రాణం పోతుంది. తను చేసిన పనికి శిక్ష తను పడకుండా రాజ్యంలో ఉన్న మంత్రాలవాళ్ళందరికీ వేస్తాడు ఊథర్. ఆంథొనీ హెడ్ ఆ పాత్రని ఎంత బాగా చేశాడంటే, కొడుకు మీద ప్రేమ, మంత్రాల మీద పగ, రెండూ ఒకే మొహంలో కనిపిస్తాయి.

రెండో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్ నా దృష్టిలో మొత్తం సీరియల్‌కి గుండెకాయ. మోర్గాస్ అనే మంత్రగత్తె మాయతో ఆర్థర్‌కి తల్లి ఆత్మ కనిపించి జరిగింది చెప్తుంది. వాడు కోటకి వచ్చి తండ్రి మెడ మీద కత్తి పెడతాడు. ఊథర్ నిజం ఒప్పుకోడు. కత్తి దిగబోతుంటే మెర్లిన్ తలుపు తోసుకుని వచ్చి, అదంతా మాయ, ఆ మంత్రగత్తె నిన్ను మోసం చేసింది, మీ అమ్మ కాదు అది అని అబద్ధం చెప్తాడు. ఆర్థర్ కత్తి వదిలేసి ఏడుస్తాడు. తండ్రిని చంపిన పాపం అంటకుండా మెర్లిన్ వాడిని కాపాడాడు, సరే, కానీ ఆ ఒక్క అబద్ధంతో, మాయలంటే మోసం అని వాడి బుర్రలో మేకు కొట్టింది కూడా తనే. ఊథర్ ఇరవై ఏళ్ళు చెప్పినా పూర్తిగా దిగనిది, నమ్మిన నౌకరు ఒక్క మాట చెప్పగానే దిగింది. అత్తయ్య ఆ సీన్ అయ్యాక చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత, "ఈ అబద్ధానికి వడ్డీ కట్టాలమ్మాయ్ వీడు" అన్నారు.

కట్టాడు. నాలుగో సీజన్ మూడో ఎపిసోడ్‌లో ఊథర్ పోతాడు. ఆర్థర్ రాజవుతాడు. ఇప్పుడు చెప్పొచ్చు కదా? చెప్పడు. చూసేవాళ్ళకి విసుగొచ్చేది ఇక్కడే, నాకూ వచ్చింది. ప్రతి ఎపిసోడ్‌లో చెప్పబోతాడు, ఎవరో వస్తారు, లేదా ఆర్థర్ స్పృహ తప్పుతాడు, ఆర్థర్ తలకి తగిలిన దెబ్బలు లెక్కేస్తే మనిషి బతకడు. రచయితలు ఒకే ముడిని ఐదేళ్ళు సాగదీశారనే మాట నేనూ ఒప్పుకుంటా. కానీ ఐదో సీజన్ ఐదో ఎపిసోడ్‌కి వచ్చేసరికి నా మాట మారింది. మోర్డ్రెడ్ గాయపడి చావుబతుకుల్లో ఉంటాడు, అప్పటికి వాడు ఆర్థర్ వీరుల్లో ఒకడు. రాజ్యంలో మంత్రాలని ఒప్పుకుంటే వాడు బతుకుతాడని ఆర్థర్ అనుకుంటాడు. రాత్రి మంట దగ్గర కూర్చుని మెర్లిన్‌నే అడుగుతాడు, నువ్వేమంటావు, మాయలు చెడ్డవి కాదేమో కదా అని. ఐదేళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న అది! అడిగినవాడు ఆర్థర్, అడిగింది మెర్లిన్‌ని. మోర్డ్రెడ్ బతికితే ఆర్థర్ ప్రాణం పోతుందన్న భయంతో మెర్లిన్, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, కామలాట్‌లో మాయలకి చోటు లేదు అంటాడు. కోటకి తిరిగొచ్చి చూస్తే మోర్డ్రెడ్ లేచి తిరుగుతుంటాడు. మాయలు వద్దన్నందుకు పడిన శిక్షే మోర్డ్రెడ్ బతకడం.

దాచీ దాచీ, దాచడమే అలవాటైపోయిన మనిషి వాడు. మొదట్లో భయంతో దాచాడు, చివరికి చెప్పడం చేతకాక దాచాడు. ఇంట్లో పెద్ద జబ్బు సంగతి పిల్లలకి చెప్పకుండా దాచి, తర్వాత ఇప్పుడెలా చెప్పాలి అని ఇంకా దాచే ఇళ్ళు మనకి తెలియవా ఏంటి. ఆర్థర్‌కి తెలిసింది కడుపులో కత్తిముక్క దిగాక. చేతులు కాలాక ఆకులు.

మోర్గానా అంత సడన్‌గా ఎందుకు చెడ్డదైపోయింది?

సడన్‌గా అనిపించడానికి కారణం ఒక తప్పు, రెండో సీజన్‌కీ మూడో సీజన్‌కీ మధ్య ఏడాది గడిచింది అని చెప్పి ఆ ఏడాది చూపించలేదు. వెళ్ళినమ్మాయి భయస్తురాలు, వచ్చినమ్మాయి వంకరనవ్వు. మూడో సీజన్ మొత్తం తలుపుచాటు నుంచి నవ్వుతూనే ఉంటుంది కేటీ మెక్‌గ్రా, అది ఆవిడ తప్పు కాదు, అంతకు మించి రాయలేదు ఆవిడకి.

కానీ అంతకుముందు జరిగింది చూడండి. ఆ అమ్మాయికి రాత్రిళ్ళు కలలు, లేచేసరికి పరదాలు కాలిపోతున్నాయి, నాకేదో అవుతోంది అని మెర్లిన్ దగ్గరే ఏడుస్తుంది. మెర్లిన్‌కి తెలుసు అది మాయశక్తి అని, తనకీ ఉంది. "నీకొక్కదానికే కాదు" అని ఒక్క మాట అంటే ఆ పిల్ల నిలబడేది. మెర్లిన్‌ని చేరదీసిన ఆస్థాన వైద్యుడు గైయస్ వద్దంటాడు, డ్రాగన్ వద్దంటుంది, వీడు మింగేస్తాడు. తర్వాత అదే రెండో సీజన్ పన్నెండో ఎపిసోడ్‌లో ఊరంతా నిద్రమత్తు శాపంలో పడిపోతుంది, ఆ శాపం మోర్గానా మీద కట్టారు, ఆవిడకి ఆ సంగతే తెలియదు. మెర్లిన్ నీళ్ళసీసాలో విషం కలిపి ఇస్తాడు. తాగాక తనకి ఏమవుతోందో అర్థమై వాడి మొహంలోకి చూస్తూ వాడి చేతుల్లోనే పడిపోతుంది, వాడు ఏడుస్తూ పట్టుకుంటాడు. ఊరిని కాపాడాడు, కాదనను. కానీ ఆ చూపు మర్చిపోయి తర్వాత మూడు సీజన్లు ఆవిడని రాక్షసి అనమంటే నావల్ల కాదు. పైగా తను ఊథర్ సొంత కూతురే అని మూడో సీజన్లో తెలుస్తుంది, ఆ పెద్దమనిషి అదీ దాచాడు. ఒకే శక్తి ఇద్దరికీ ఉంది, వాడి పక్కన గైయస్ ఉన్నాడు, ఆవిడ పక్కన ఎవరూ లేరు, మోర్గాస్ వచ్చి చెయ్యి పట్టుకుంది, వెళ్ళిపోయింది. మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు, చాయిస్ ఆవిడదే అంటాడు, ఆ చర్చ మా ఇంట్లో అంట్లు తోమేటప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది.

గైయస్ మంచివాడా కాదా?

ప్రేమగల మనిషి, కనుబొమ్మ ఒక్కటి పైకెత్తితే చాలు సీన్ అయిపోతుంది, రిచర్డ్ విల్సన్‌కి దండం పెట్టాలి. అత్తయ్యకి ఫేవరెట్, ఆయన్ని "ఆచారిగారు" అనేవారు, వాళ్ళ ఊళ్ళో అలాంటి వైద్యుడు ఉండేవాడట. కానీ మంత్రాలవాళ్ళని చంపుతుంటే రాజు కొలువులో ఉప్పు తిని నోరు మూసుకున్నది కూడా ఈయనే. సీరియల్ ఆ సంగతి తడిమి వదిలేస్తుంది.

లాన్సెలాట్‌కి అన్యాయం చేశారు కదా?

రెండుసార్లు చేశారు. కామలాట్‌లో మెర్లిన్ రహస్యం తెలిసీ నోరు విప్పని మొదటి స్నేహితుడు, నాలుగో సీజన్ మొదట్లోనే మెర్లిన్ బదులు తను బతికున్నవాళ్ళకీ చచ్చినవాళ్ళకీ మధ్య ఉన్న తెర దాటి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత మోర్గానా వాడి నీడని లేపి గ్వెన్ పెళ్ళి చెడగొట్టడానికి పంపిస్తుంది. వచ్చినవాడు అసలు మనిషి కాదని మెర్లిన్‌కి తెలుసు. అదీ చెప్పడు! గ్వెన్ ఊరు విడిచి పోవాల్సొస్తుంది. ఇక్కడ మాత్రం నాకు కోపం ఇంకా తగ్గలేదు.

మెర్లిన్, ఆర్థర్ మధ్య ఉన్నది స్నేహమేనా?

చాలామంది అభిమానులు ప్రేమకథగానే చూస్తారు, చివరి ఎపిసోడ్ చూస్తే వాళ్ళని తప్పుపట్టడానికి ఏమీ లేదు. పేరు ఏది పెట్టుకున్నా ఆ కథలో గట్టి ముడి అదొక్కటే.

ఐదో సీజన్‌తో ఎందుకు ఆపేశారు? జనం చూడలేదా?

చూశారు. 2012 నవంబర్లో, సీజన్ నడుస్తుండగానే ఇదే ఆఖరిది అని ప్రకటించారు, కథ ఐదు సీజన్లకే అనుకున్నాం అని నిర్మాతలు అన్నారు. కోలిన్ మోర్గాన్‌కి 2013 నేషనల్ టెలివిజన్ అవార్డ్స్‌లో జనం ఓట్లతో బహుమతి కూడా వచ్చింది.

ముగింపు మీద జనానికి అంత కోపం ఎందుకు?

మొదటిది టైమింగ్. క్రిస్మస్ ముందురోజు రాత్రి, పిల్లలు రేపు గిఫ్టులు అని కూర్చుంటే ఆర్థర్‌ని చంపేశారు. రెండోది, ఐదేళ్ళు ఎదురుచూసిన నిజం చెప్పడం చివరి ఎపిసోడ్‌లో వచ్చింది, చెప్పాక ఇద్దరికీ మిగిలింది రెండు రోజులు, అందులో సగం ఆర్థర్ కోపంగా మొహం తిప్పుకునే ఉంటాడు. మూడోది, మాయలవాళ్ళకి స్వేచ్ఛ వచ్చిందా లేదా చూపించలేదు, గ్వెన్ సింహాసనం మీద కూర్చుంటుంది, కట్. మొదటి ఎపిసోడ్ నుంచీ డ్రాగన్ ఊదరగొట్టిన బంగారు కాలం ఏదీ అంటే లేదు.

మూడో కంప్లయింట్ న్యాయం. ఒక్క సీన్ చాలు, రాజదర్బారులో ఒక డ్రూయిడ్ నిర్భయంగా నడిచొస్తే చాలు, అదీ ఇవ్వలేదు. కానీ రెండో దానితో నేను ఏకీభవించను. ముందే చెప్పేసి ఉంటే ఒక సీజన్ సరదాగా ఉండేది నిజమే, కానీ అంత దాచినవాడికి రెండు రోజులే దొరకడం సరిగ్గా సరిపోయింది. ప్రాణం నిలుస్తుందన్న ఆశతో మెర్లిన్ తీసుకెళ్తున్న అవలాన్ చెరువు ఒడ్డుకి చేరలేక ఆర్థర్ ఆగిపోతాడు, నువ్వు నాకోసం చేసిందంతా ఇప్పుడు తెలిసింది అంటాడు, ఇంతకాలం ఎప్పుడూ అనని మాట ఒకటి చెప్పాలి అని, థాంక్యూ అంటాడు. గ్లాసులు విసిరిన మనిషి. మా వాడు తెలుగులో చెప్పడం మానేశాడు అక్కడ. అత్తయ్య వాడిని అడగలేదు కూడా, ఆవిడకి ఆ ఒక్క ఇంగ్లీషు మాట తెలుసు.

చివర్లో ఆ లారీ ఏంటి?

ఆర్థర్ మళ్ళీ వస్తాడని డ్రాగన్ చెప్తుంది, రాజ్యానికి అతి పెద్ద అవసరం వచ్చినప్పుడు. ఇది పాత కథల్లోదే, ఆర్థర్ చనిపోలేదు, అవలాన్ అనే మాయ దీవిలో ఉన్నాడు, వస్తాడు అని. ఆఖరి షాట్‌లో తారురోడ్డు, లారీ ఒకటి రొదచేసుకుంటూ పోతుంది, గడ్డంతో ముసలి మెర్లిన్ వీపుకి సంచి తగిలించుకుని ఆ చెరువు వైపు చూసి నడుచుకుంటూ పోతాడు. అంటే పద్నాలుగు పదిహేను వందల ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాడన్నమాట. ఇది చెత్త అనేవాళ్ళున్నారు, ఇదే బెస్ట్ అనేవాళ్ళున్నారు, నేను మొదటిసారి చెత్త అన్నాను, రెండోసారి అనలేదు.

అత్తయ్య తెనాలి వెళ్ళిపోయాక ఒక ఆదివారం వీడియో కాల్‌లో, చింతకాయ పచ్చడి అందిందా, వాడికి దగ్గు తగ్గిందా అన్నీ అయ్యాక, "ఒరేయ్ నాన్నా, ఆ పిల్లాడు ఇంకా రోడ్డు మీదే ఉన్నాడా?" అని అడిగారు. మా వాడు, "ఉన్నాడు నాన్నమ్మా, ఆర్థర్ ఇంకా రాలేదు" అన్నాడు. "వాడికెవరన్నా అన్నం పెడుతున్నారో లేదో" అని ఫోన్ పెట్టేశారు.